హెబ్రీ 4:16 పాఠం: “ధైర్యముతో” అంటే ఏ ధైర్యం? కృపాసనం దగ్గరికి ఎలా చేరాలి?

గృహకూటం_బాధ్యుడు

అందరికీ వందనాలు. గృహకూటంలో మూడు వారాల పాఠంగా హెబ్రీ 4:14–16, 10:19–22 పెట్టుకున్నాం. వచ్చేవాళ్ళు ఇరవైమంది దాకా ఉంటారు. సగంమంది బాప్తిస్మం తీసుకుని ఏడాది, రెండేళ్ళు అయినవాళ్ళే. “మనము కనికరింపబడి సమయోచితమైన సహాయముకొరకు కృపపొందునట్లు ధైర్యముతో కృపాసనమునొద్దకు చేరుదము” అన్న 4:16 మాట అందరికీ కంఠతా వచ్చు. అయినా ప్రార్థనకు మోకరించగానే “నాలాంటివాళ్ళ మొర దేవుడు వింటాడా” అన్న జంకు పోవడం లేదు.

తెలిసినవాళ్ళు ఈ నాలుగు సంగతులు విడమరిచి చెప్పండి. ఇక్కడ “ధైర్యము” అంటే ఏమిటి? ప్రత్యక్ష గుడారం (దేవాలయం కట్టకముందు ఇశ్రాయేలీయులు ఆరాధించిన గుడారం), ప్రాయశ్చిత్త దినం గురించి ఎంతవరకు చెప్పాలి? పాపంలో పడ్డవాడు వెంటనే దేవుని సన్నిధికి రావచ్చా, కొన్నాళ్ళు ఆగాలా? రక్షణ నిశ్చయత లేదు అనేవాళ్ళతో ఏం మాట్లాడాలి?

గ్రీకు_పలక

వందనాలు బ్రదర్. మొదటి ప్రశ్న తేలితే మిగతావి సులువవుతాయి, అందుకే దాని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.

తెలుగులో ధైర్యం అనగానే మనకు గుండె దిటవు గుర్తొస్తుంది. చీకట్లో ఒంటరిగా నడవడానికి కావలసింది అది. అలా చదివితే 4:16 ఒక బరువైన ఆజ్ఞ అయిపోతుంది: “భయం చంపుకో, అప్పుడు రా” అన్నట్టు. గుండె దిటవు లేనివాడు అక్కడే ఆగిపోతాడు.

మూలంలో ఉన్న మాట పర్రేసియా. “అంతా” అనే మాట, “పలుకు” అనే మాట కలిసి ఏర్పడింది. ఏథెన్సు నగర సభలో పౌరుడు లేచి మనసులో ఉన్నది దాచకుండా మాట్లాడే హక్కుకు ఆ పేరు. బానిసకు ఆ హక్కు లేదు. దానికి మూలం పుట్టుక, ఆ ఊళ్ళో అతనికున్న స్థానం. గుండె బలంతో పనిలేదు.

మన తెలుగు బైబిల్లోనే ఇది రకరకాలుగా కనిపిస్తుంది. అపొస్తలుల కార్యములు 4:13లో పేతురు యోహానుల “ధైర్యము” ఇదే. లాజరు చనిపోయాడని యేసు శిష్యులకు “స్పష్టముగా” చెప్పాడని యోహాను 11:14లో ఉంది, అక్కడా ఇదే మాట. దాపరికం లేకుండా నోరు విప్పడం అన్న భావం రెండుచోట్లా ఉంది.

హెబ్రీ పత్రికలో ఇది నాలుగుసార్లు వస్తుంది: 3:6, 4:16, 10:19, 10:35. ఈ నాలుగూ ఒక కాగితం మీద వరసగా రాసి చూపించండి. 10:19లో “ధైర్యము కలిగియున్నది” అంటాడు. అంటే ఇప్పటికే చేతికి వచ్చిన ఆస్తి. 10:35లో దాన్ని “విడిచిపెట్టకుడి” అంటాడు. లేనిదాన్ని ఎవరూ విడిచిపెట్టలేరు కదా. కాబట్టి కూటంలో “ధైర్యం తెచ్చుకోండి” అనకండి. “మీకు ఇచ్చిన ధైర్యాన్ని వాడుకోండి” అనండి. తెలుగులో దీనికి నాకు దగ్గరగా తోచే మాట చనువు. కన్నబిడ్డ వంటింట్లోకి వచ్చి “అమ్మా, ఆకలేస్తోంది” అంటుంది చూడండి, ఆ చనువు. అదే మాట పొరుగింటి పిల్ల అనాలంటే గుమ్మం దగ్గరే ఆగుతుంది.

“చేరుదము” గురించి కూడా ఒక మాట. ఈ క్రియ హెబ్రీ పత్రికలో ఏడుసార్లు ఉంది: 4:16, 7:25, 10:1, 10:22, 11:6, 12:18, 12:22. పాత నిబంధన గ్రీకు అనువాదంలో యాజకుడు బలిపీఠాన్ని సమీపించడానికి వాడిన మాట కూడా ఇదే. అహరోను వంశంవాళ్ళు మాత్రమే చేయగలిగిన పనిని ఇప్పుడు చదువుతున్న ప్రతివాడినీ చేయమంటున్నాడు. పైగా 4:16లో క్రియారూపం ఒక్కసారి చేసి ముగించే పనిని చెప్పదు. “చేరుతూ ఉందాం” అన్న అర్థం వస్తుంది.

మోకాళ్ళమీద

గ్రీకు_పలక గారూ, చనువు అన్న మాట బాగుంది కానీ హద్దు చెప్పకుండా వదిలేస్తే ఇబ్బంది. ఇదే పత్రిక 12:28లో “వినయ భయభక్తులతో” సేవ చేద్దామంటుంది, తర్వాతి వచనంలోనే మన దేవుడు “దహించు అగ్ని” అంటుంది. ఇప్పుడు కొన్నిచోట్ల ప్రార్థన అంటే దేవునికి ఆజ్ఞలు వేయడంలా తయారైంది. “నేను డిక్లేర్ చేస్తున్నాను, నువ్వు చేసి తీరాలి” అనే ధోరణికి 4:16ని ఆధారం చూపిస్తున్నారు. ఆ వచనం చివర ఏముందో చదివితే చాలు: కనికరింపబడడానికి, కృప పొందడానికి చేరమన్నాడు. కనికరం అడిగేవాడు ఆజ్ఞలు వేయడు.

గ్రీకు_పలక

ఒప్పుకుంటాను. చనువుకు, లెక్కలేనితనానికి తేడా మన ఇళ్ళలో పిల్లలకు కూడా తెలుసు. 1 యోహాను 5:14 పక్కన పెట్టుకుంటే ఆ హద్దు వాక్యంలోనే దొరుకుతుంది: “ఆయన చిత్తానుసారముగా” అడగడమే అక్కడి ధైర్యం. మాట అదే, పర్రేసియా.

పాతనిబంధన_పాఠకురాలు

రెండో ప్రశ్నకు నేను చెప్తాను అన్నా. ప్రాయశ్చిత్త దినాన్ని వివరించే లేవీయకాండం 16 చెప్పకుండా హెబ్రీ 4:16 చెప్తే వినేవాళ్ళకు అందులో గొప్ప ఏమిటో అర్థం కాదు. తలుపు ఎంత గట్టిగా మూసి ఉండేదో తెలిస్తేనే అది తెరుచుకోవడం విలువ తెలుస్తుంది.

అధ్యాయం మొదటి వచనమే అహరోను ఇద్దరు కొడుకుల చావుతో మొదలవుతుంది. నాదాబు, అబీహు (10వ అధ్యాయం) దేవుడు ఆజ్ఞాపించని అగ్నితో సన్నిధికి వచ్చి చనిపోయారు. ఆ నేపథ్యంలోనే “ఎప్పుడంటే అప్పుడు తెర లోపలికి రావద్దు” అని తండ్రికి చెప్పాడు. ఆ తెర వెనకే మందసం ఉన్న అతిపరిశుద్ధ స్థలం. ఏడో నెల పదో రోజు ఒక్కటే అనుమతి.

ఆ రోజు వరస ఇది. ప్రధాన యాజకుడు నీళ్ళతో స్నానం చేసి బంగారు పని ఉన్న తన వస్త్రాలు పక్కన పెట్టి నాలుగే నార బట్టలు వేసుకుంటాడు: చొక్కాయి, లాగు, దట్టీ, పాగా. తన కోసం, తన ఇంటివారి కోసం ఒక కోడె. ప్రజల కోసం రెండు మేకలు. దహనబలికి తనకొక పొట్టేలు, ప్రజలకొక పొట్టేలు. మేకలకు చీట్లు వేస్తారు, ఒకటి యెహోవాకు, రెండోది అడవిలోకి పంపడానికి.

కూటంలో నిదానంగా చెప్పాల్సిన ఘట్టం ఒకటుంది, అది ధూపం. ముందు కోడెను వధిస్తాడు. ఆ తర్వాత, రక్తం లోపలికి తీసుకెళ్ళేముందు, బలిపీఠం మీది నిప్పులు ధూపార్తి నిండా తీసుకుని, మెత్తగా నూరిన పరిమళ ద్రవ్యం రెండు చేతుల నిండా పట్టుకుని తెర లోపలికి వెళ్తాడు. రెండు చేతులూ ధూపద్రవ్యంతో నిండితే నిప్పుల పాత్ర ఎలా పట్టుకున్నాడని పిల్లలు కూడా అడుగుతారు. రెండో దేవాలయం నాటి పద్ధతిని యూదుల సంప్రదాయ నియమాల సంకలనమైన మిష్నా (యోమా 5:1) చెప్తుంది: రెండు చేతుల నిండా తీసిన ద్రవ్యాన్ని ఒక గరిటెలాంటి పాత్రలో పోసుకునేవాడు, కుడిచేతిలో నిప్పుల పాత్ర, ఎడమచేతిలో ఆ గరిటె. లోపల దీపం లేదు. నిప్పుల ఎర్రటి వెలుగు తప్ప ఏమీ లేదు. ద్రవ్యం నిప్పుల మీద పోయగానే పొగ లేస్తుంది. ఆ పొగ కరుణాపీఠాన్ని (మందసం మీది మూతను) కమ్మాలి, “అతడు చావకుండునట్లు” అని 13వ వచనం. తన కోసం వధించిన కోడె రక్తం బయట సిద్ధంగా ఉన్నా సరే, చూపు మరుగైతేనే బతుకుతాడు.

తర్వాత కోడె రక్తం తెచ్చి వేలితో కరుణాపీఠం మీద తూర్పువైపున ప్రోక్షించి, దాని ఎదుట ఏడుసార్లు ప్రోక్షిస్తాడు. మేక రక్తంతోనూ అలాగే. అతను లోపల ఉన్నంతసేపు గుడారంలో ఇంకెవరూ ఉండకూడదు (17వ వచనం). అదంతా అయ్యాక, బతికున్న మేక తల మీద రెండు చేతులూ ఉంచి ఇశ్రాయేలు పాపాలన్నీ ఒప్పుకుని, దాన్ని ఒక మనిషి చేతికిచ్చి అరణ్యంలోకి పంపిస్తాడు. పాపపరిహారార్థబలి పశువుల చర్మం, మాంసం శిబిరం బయట కాల్చేస్తారు. హెబ్రీ 13:11–12 యేసు గవిని బయట శ్రమపడడాన్ని దీనికే ముడివేసింది.

“సంవత్సరానికి ఒక్కసారి” (హెబ్రీ 9:7) అంటే ఒక్క రోజు అని. ఆ రోజులో అతను లోపలికి ఒకటికన్నా ఎక్కువసార్లు వెళ్తాడు. మిష్నా లెక్కలో నాలుగు: ధూపంతో, కోడె రక్తంతో, మేక రక్తంతో, చివర పాత్రలు బయటికి తేవడానికి. ఆ రోజు అయిదుసార్లు మునగడం, పదిసార్లు కాళ్ళు చేతులు కడుక్కోవడం కూడా అందులో ఉంది (యోమా 3:3).

సండేస్కూల్_టీచర్

అక్కా, ప్రధాన యాజకుడి నడుముకో కాలికో తాడు కట్టేవారని, గజ్జెల చప్పుడు ఆగిపోతే లోపల చనిపోయాడని గుర్తించి బయటికి లాగేవారని చాలామంది సేవకులు చెప్తారు. చెప్పొచ్చా?

పాతనిబంధన_పాఠకురాలు

చెప్పకండి. తాడు మాట బైబిల్లో లేదు, మిష్నాలో లేదు. అలాంటి మాట కనిపించేది 13వ శతాబ్దంలో స్పెయిన్‌లో వెలుగులోకి వచ్చిన జోహర్ అనే యూదుల గ్రంథంలో. దేవాలయం పడిపోయింది క్రీ.శ. 70లో.

గజ్జెల సంగతి కూడా పొసగదు. గజ్జెలు ఉన్నది నీలి నిలువుటంగీ అంచుకి (నిర్గమ 28:33–35). లేవీ 16:4 ప్రకారం తెర లోపలికి వెళ్ళేటప్పుడు ఆ అంగీ ఒంటి మీద ఉండదు, నార బట్టలే. అంటే చప్పుడే లేదు. ఆ నిశ్శబ్దాన్ని గురించి మిష్నా చెప్పేది తాడు కన్నా ఎక్కువ గుండెకు తగులుతుంది: అతను బయటికి వచ్చాక చిన్న ప్రార్థనే చేసేవాడు, ప్రజలు భయపడిపోతారని ఎక్కువసేపు ఆగేవాడు కాదు. నిజంగా ఉన్నదే ఇంత బలంగా ఉంటే లేనిది కలపడం ఎందుకు?

సండేస్కూల్_టీచర్

మరి తెర బెత్తెడు మందమని, గుర్రాలు లాగినా చిరగదని అంటారే?

బెరయ_పాఠకుడు

బెత్తెడు మందం మిష్నాలో ఉంది (షెకాలీం 8:5). నలభై మూరల పొడవు, ఇరవై మూరల వెడల్పు, నీళ్ళలో ముంచడానికి మూడు వందలమంది యాజకులు కావాలి అని. కానీ ఆ మూడు వందల లెక్క అతిశయోక్తి అని మిష్నా మీద రబ్బీల చర్చలున్న తల్మూదులోనే ఒప్పుకున్నారు. గుర్రాల మాట మిష్నాలో లేదు. మత్తయి 27:51 చాలు: పైనుంచి కిందికి చినిగింది. కిందనుంచి మనిషి చింపలేదు.

ఇంకో సంగతి, కూటంలో ఎవరో ఒకరు అడిగి తీరతారు: హెబ్రీ 9:4లో “సువర్ణ ధూపార్తి” అతిపరిశుద్ధ స్థలంలో ఉన్నట్టుంది, నిర్గమ 30:6లో ధూపవేదిక తెర ముందు ఉంది. ఆ గ్రీకు మాటకు ధూపార్తి, ధూపవేదిక రెండు అర్థాలూ ఉన్నాయి. వేదిక నిలబడింది తెర బయటే, దాని పొగ పని లోపలిది. 1 రాజులు 6:22 కూడా ఆ వేదికను గర్భాలయానికి చెందినదిగానే చెప్తుంది. రెండు నిమిషాల్లో చెప్పి ముందుకు వెళ్ళండి, దీని మీద వారం పోగొట్టకండి.

గ్రీకు_పలక

కృపాసనము, కరుణాపీఠము రెండూ ఒకటే అని బోధించేవాళ్ళున్నారు, అది కూడా సరిచేసుకోండి. కరుణాపీఠం అంటే మందసం మీది బంగారు మూత, రెండున్నర మూరల పొడవు, మూరన్నర వెడల్పు. దాని గ్రీకు మాట 9:5లో ఉంది. రోమా 3:25లో “కరుణాధారముగా” అన్నచోట ఉన్నది అదే మాట. 4:16లోని కృపాసనం మాత్రం సింహాసనం. రాజు కూర్చునేది.

కూర్చోవడం గురించి హెబ్రీ 10:11–12 చూపించకుండా వదలొద్దు. ప్రత్యక్ష గుడారంలో ఉన్న సామాను లెక్కపెట్టండి: బలిపీఠం, గంగాళం, దీపవృక్షం, సన్నిధి రొట్టెల బల్ల, ధూపవేదిక, మందసం. కుర్చీ లేదు. యాజకుడి పని ముగియదు కాబట్టి అతను రోజూ నిలబడే ఉంటాడు. క్రీస్తు ఒక్క బలి అర్పించి “ఆసీనుడాయెను”. మీ కూటంలో జంకుతున్నవాళ్ళకు పనికొచ్చేది ఇదే. ఇంకా ఏదో చెల్లించాలి, ఇంకా ఏదో అర్పించాలి అనుకుంటూ వస్తున్నారు. అర్పించినవాడు కూర్చున్నాడు.

కొత్త_చందాదారు

మూడో ప్రశ్నకు ఎవరైనా చెప్పండి. పాపం చేసిన గంటకే ప్రార్థన చేస్తే అది వేషధారణ కాదా? మూడు రోజులు ఉపవాసం ఉండి, మనసు శుద్ధి చేసుకుని వస్తే మర్యాద కదా?

ఇంటింటి_పరిచర్య

తమ్ముడూ, అలా ఆగడం మర్యాదలా అనిపిస్తుంది కానీ లోపల జరిగేది వేరు. మూడు రోజులు ఆగితే పాపం పాతబడుతుంది, సిగ్గు కాస్త తగ్గుతుంది, అప్పుడు రావడం సులువవుతుంది. అంటే వస్తున్నది యేసు రక్తాన్ని బట్టి కాదు, గడిచిన మూడు రోజులను బట్టి. ఉపవాసం మంచిదే, టిక్కెట్టుగా వాడుకోకూడదు.

4:16లో మాటల వరస చూడు. మొదట కనికరం, తర్వాత కృప. తప్పు చేసినవాడికి కావలసింది కనికరం, రేపు నిలబడడానికి కావలసింది కృప. మొదటి మాటే తప్పు చేసినవాడి కోసం పెట్టాడు. “సమయోచితమైన సహాయము” అంటే అవసరం తీరిపోయాక వచ్చేది కాదు. సహాయం అన్న ఆ మాటకు మూలంలో కేక విని పరుగెత్తి రావడం అన్న భావం ఉంది. 2:18లో యేసు శోధింపబడువారికి సహాయం చేయగలవాడు అన్నచోటా ఆ మాట క్రియగా వస్తుంది. పడ్డాక మాత్రమే కాదు, శోధన మెడ మీద ఉన్నప్పుడే పిలవొచ్చు.

ఇక ఎలా రావాలి? మన ప్రార్థనల్లో ఒక వాడుక ఉంది: “తెలిసీ తెలియక చేసిన పాపములు క్షమించు తండ్రీ.” సంఘ ప్రార్థనలో తప్పేమీ లేదు. ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రం అది ముసుగైపోతుంది. 1 యోహాను 1:9లో “ఒప్పుకొనిన యెడల” అన్న మాటకు దేవుడు దాన్ని ఏమంటాడో మనమూ అదే అనడం అని అర్థం. కాబట్టి పేరు పెట్టి చెప్పాలి. “లెక్కల్లో రెండు వేలు దాచాను, అది దొంగతనం.” “అత్తగారి గురించి లేని మాట చెప్పాను, అది అబద్ధం.” ఒక్క వాక్యం చాలు. ఎందుకు చేయాల్సి వచ్చిందో వివరణ మొదలైతే అక్కడే ఆపు, అది ఒప్పుకోలు కాదు, వాదన.

తర్వాత ఆ పాపం ఇంకొకరిని తాకిందా చూసుకోవాలి. మత్తయి 5:23–24 బలిపీఠం దగ్గర అర్పణ వదిలి వెళ్ళి సమాధానపడి రమ్మంటుంది. డబ్బు విషయమైతే సంఖ్యా 5:7 అసలుకు అయిదో వంతు కలిపి ఇవ్వమంది, అంటే దాచిన రెండు వేలకు రెండు వేల నాలుగు వందలు. అది క్షమాపణకు ధర కాదు. క్షమించబడినవాడు చేసే పని. జక్కయ్య నాలుగంతలు ఇస్తానన్నది కూడా యేసు అతని ఇంట్లో అడుగుపెట్టాకే.

చివరగా కావలసిన సహాయం ఏమిటో సూటిగా అడగాలి. “నన్ను మార్చు ప్రభువా” కన్నా “రేపు లెక్క అప్పగించేటప్పుడు నిజం చెప్పే నోరు ఇవ్వు” అనడం మంచిది. జవాబు వచ్చిందో లేదో తెలుస్తుంది.

మోకాళ్ళమీద

దీనికి ఒక్కటి కలుపుతాను. కీర్తన 66:18ని కొందరు భయపెట్టడానికి వాడతారు. హృదయంలో పాపాన్ని “లక్ష్యము చేసిన యెడల” ప్రభువు వినడు అని. లక్ష్యం చేయడం అంటే దాన్ని ఇష్టంగా దాచుకుని, వదిలే ఉద్దేశం లేకుండా రావడం. పడి ఏడుస్తూ వచ్చినవాడి గురించి కాదు. 1 పేతురు 3:7 కూడా కూటంలో మగవాళ్ళకు వినిపించండి. భార్యను సన్మానించని భర్త ప్రార్థనలకు అభ్యంతరం అని సూటిగా ఉంది. జంకు పోవడం లేదు అనేవాళ్ళలో కొందరికి కారణం అక్కడే ఉండొచ్చు.

లూథరన్_పాఠశాల

సంఘ సంస్కర్త మార్టిన్ లూథర్ చిన్న ప్రశ్నోత్తరిలో “పరలోకమందున్న మా తండ్రీ” అన్న పిలుపుకి వివరణ మీ పాఠానికి అతికినట్టు సరిపోతుంది. ప్రియమైన పిల్లలు ప్రియమైన తండ్రిని అడిగినట్టు మనం ధైర్యంగా, పూర్తి నమ్మకంతో అడగాలని దేవుడు మనల్ని ప్రేమతో పురికొల్పుతున్నాడు అన్నది దాని సారాంశం. గ్రీకు_పలక గారి చనువు అదే.

ఆర్‌సీఎం_విశ్వాసి

కతోలిక పూజలో పరలోక జపానికి ముందు గురువు పిలిచే పిలుపులో, రక్షకుని ఆజ్ఞను బట్టి “సాహసించి చెప్తున్నాము” అనే భావం ఉంటుంది. తూర్పు సంఘాల యోహాను క్రిసోస్తం ఆరాధన క్రమంలో ఆ చోట నేరుగా పర్రేసియా అన్న మాటే ఉంది: ధైర్యంతో, శిక్షావిధి లేకుండా నిన్ను తండ్రీ అని పిలిచే యోగ్యత ఇవ్వమని అడుగుతారు. పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం) విషయంలో మా సంఘానికి, మీ సంఘాలకు తేడా ఉంది. ఆ వాదన ఇక్కడ పెట్టను. తండ్రీ అని పిలవడమే ధైర్యం అన్నది మాత్రం అందరిదీ.

కొత్త_చందాదారు

ఇంటింటి_పరిచర్య అన్నా, బాగా అర్థమైంది, వందనాలు. కానీ హెబ్రీ 10:26 ఉంది కదా? “బుద్ధిపూర్వకముగా పాపము చేసిన యెడల” ఇక బలి ఉండదని. తెలిసి చేసిన ప్రతి పాపం దాని కిందికి రాదా?

బెరయ_పాఠకుడు

ఈ వచనం పేరు చెప్పి ఎంతోమందిని సన్నిధికి దూరం చేశారు, అందుకే జాగ్రత్తగా చూద్దాం. క్రియారూపం “చేస్తూ ఉంటే” అన్నది. ఏ పాపమో 29వ వచనం చెప్తుంది: దేవుని కుమారుని పాదాలతో తొక్కడం, నిబంధన రక్తాన్ని అపవిత్రంగా ఎంచడం, కృపకు మూలమైన ఆత్మను తిరస్కరించడం. పైన 25వ వచనంలో కొందరు సమాజంగా కూడుకోవడం మానేశారు. హింస వల్ల క్రీస్తును వదిలి పాత బలుల వైపు తిరిగిపోతున్నవాళ్ళకు రాసిన మాట ఇది. ఆయన్ను వదిలేస్తే ఇంకో బలి ఎక్కడా లేదు అంటున్నాడు.

అలాంటివాడు మొదటినుంచీ రక్షణ లేనివాడా, రక్షణ పోగొట్టుకున్నవాడా అన్నచోట సంఘాలు విడిపోతాయి. పోగొట్టుకోవచ్చు అని నేను నమ్ముతాను, ఈ చర్చావేదికలో చాలామంది ఒప్పుకోరని తెలుసు.

గ్రీకు_పలక

ఒప్పుకోనివాళ్ళలో నేనొకణ్ణి. నిజంగా తిరిగి జన్మించినవాడిని దేవుడు తుదమట్టుకు నిలబెడతాడని, ఈ హెచ్చరికలు ఆ నిలబెట్టే సాధనాల్లో ఒకటని నా అవగాహన. కానీ తమ్ముడు అడిగినదానికి జవాబు ఇద్దరిదీ ఒకటే: తిరిగి రావాలని తపిస్తున్నవాడు ఈ వచనంలో లేడు. అదే అధ్యాయం 22వ వచనంలో ఉన్నాడు, “చేరుదము” అన్నచోట.

గృహకూటం_బాధ్యుడు

చాలా సహాయం చేశారు. నాలుగోది మిగిలింది. “మీరు ఏ తారీఖున రక్షణ పొందారు” అని అడిగితే కొందరు తడబడతారు, దాంతో నిశ్చయత లేదనుకుంటారు.

ఇంటింటి_పరిచర్య

తారీఖు అడగడం మానేయండి బ్రదర్. పౌలుకు దమస్కు దారి ఉంది. తిమోతికి అవ్వ లోయి, తల్లి యునీకే దగ్గరనుంచి వచ్చిన విశ్వాసం ఉంది, తారీఖు రాసిపెట్టలేదు. అడగాల్సింది “ఇప్పుడు ఎవరి మీద ఆనుకున్నారు” అని.

మెథడిస్టు ఉద్యమానికి నాయకుడైన జాన్ వెస్లీ సంగతి చెప్పొచ్చు. 1728లో గురువుగా అభిషేకం పొందాడు, 1735లో మిషనరీగా అమెరికా వెళ్ళాడు. అయినా 1738 మే 24 సాయంత్రం లండన్ ఆల్డర్స్‌గేట్ వీధి కూటంలో, రోమా పత్రికకు లూథర్ రాసిన ముందుమాట ఎవరో చదువుతుండగానే “క్రీస్తు నా పాపాలు, నావే తీసివేశాడు” అన్న నిశ్చయత దొరికింది. విన్నవాళ్ళలో కొందరు “మాకూ ఛాతీలో వెచ్చదనం రావాలి” అని పట్టుకుంటారు, అక్కడ జాగ్రత్త. వెస్లీకి దొరికింది వెచ్చదనం కాదు, క్రీస్తు ఒక్కడే చాలన్న నమ్మకం. వెచ్చదనం దాని వెంట వచ్చింది.

ప్రెస్బిటేరియన్ సంఘాల వెస్ట్‌మిన్‌స్టర్ విశ్వాస ప్రమాణం 18వ అధ్యాయం కూడా నిజ విశ్వాసి నిశ్చయత కోసం చాలాకాలం వేచి ఉండి, ఎన్నో ఇబ్బందులతో పోరాడాల్సి రావచ్చు అంటుంది. నిశ్చయత లేకపోతే రక్షణే లేదనడం సరికాదు. 1 యోహాను 5:13 “తెలిసికొనునట్లు” రాశాను అంటోంది. అంటే తెలియనివాళ్ళు విశ్వాసుల్లోనే ఉన్నారు, వాళ్ళ కోసమే రాశాడు. హృదయం దోషారోపణ చేస్తున్నవాళ్ళకు 1 యోహాను 3:19–20 నెమ్మదిగా రెండుసార్లు చదవండి. “దేవుడు మన హృదయముకంటె అధికుడై” అన్నచోట ఆపి, ఒక నిమిషం ఏమీ మాట్లాడకండి.

మోకాళ్ళమీద

ఇంకో అడ్డు మన తెలుగు సంఘాల్లో బలంగా ఉంది. “అయ్యగారు ప్రార్థన చేస్తేనే వింటాడు” అని. ఫోన్ చేసి ప్రార్థన చేయించుకుని, తాము మాత్రం నోరు విప్పరు. యాకోబు 5:14 ప్రకారం రోగి పెద్దలను పిలిపించుకోవడం వాక్యానుసారమే, ఒకరి కోసం ఒకరు ప్రార్థించడం మన ధర్మం. కానీ 1 తిమోతి 2:5లో మధ్యవర్తి ఒక్కడే. ఎవరైనా ప్రార్థన అడిగితే నిరాకరించకండి, “ముందు మీరు రెండు మాటలు చెప్పండి, తర్వాత నేను చేస్తాను” అనండి. మొదటి రెండు వారాలు ఇబ్బంది పడతారు. రెండు మాటలే వచ్చినా సరిదిద్దొద్దు, పొడిగించొద్దు, ఆమేన్ అనండి.

సండేస్కూల్_టీచర్

రెండో వారానికి చేతితో చూపించేదేమైనా ఉందా? మాటలతో గుడారం కొలతలు చెప్తే పెద్దవాళ్ళే తికమకపడతారు.

పాతనిబంధన_పాఠకురాలు

ఉంది. మూర అంటే అడుగున్నర అనుకోండి. గుడారం ముప్పై మూరల పొడవు, పది వెడల్పు, అంటే 45 అడుగులు, 15 అడుగులు. అంత చోటు లేకపోతే లోపలి గది ఒక్కటే గీయండి, 15 అడుగుల చదరం. ముగ్గుపిండితో గీస్తే సరిపోతుంది, డాబా మీదైతే ఇంకా సులువు. మధ్యలో 45 అంగుళాల పొడవు, 27 అంగుళాల వెడల్పు అట్టముక్క పెట్టండి, అది కరుణాపీఠం కొలత. అందరినీ గీత బయట నిలబెట్టి లేవీ 16:2, 11–17 చదివించండి. చదువుతున్నంతసేపు ఒక్కరు కూడా గీత దాటకూడదు.

తెరకు పాత నూలు చీర వాడండి. అయిదున్నర మీటర్ల చీర అడ్డంగా కడితే పదిహేను అడుగుల వైపు మొత్తం వస్తుంది, ఎత్తు మూడున్నర అడుగులు ఉంటుంది. కుర్చీల మీద నిలబెట్టిన రెండు కర్రలకు తాడు కట్టి, చీర పై అంచును మడిచి సేఫ్టీ పిన్నులు పెట్టండి. నడుమ ఒక జానెడు మేర మాత్రం పిన్ను వద్దు. హెబ్రీ 10:19–20 చదువుతున్నప్పుడు పైనుంచి చింపాలి. సింథటిక్ చీర చేతితో చిరగదు. నూలుదైనా అంచు దగ్గర మొండికేస్తుంది, అందుకే నడుమ పై అంచు దగ్గర రెండు అంగుళాలు ముందే కత్తిరించి పెట్టుకోండి, కింది అంచూ అలాగే. అక్కడ కత్తిరించకపోతే చిరుగు కిందిదాకా వచ్చి అంచు దగ్గర ఆగిపోతుంది, తెర రెండుగా విడిపోదు.

చినిగాక ఎవరినీ లోపలికి రమ్మని పిలవొద్దు. 10:22 చదివి ఊరుకోండి. వాళ్ళంతట వాళ్ళే వస్తారు, ముందు పిల్లలు వస్తారు.